రెండు స్లాబుల కథ

మే నెల కరెంటు బిల్లు చేతికొచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకోరు. 2025 మే నెలలోనూ అంతే. 520 యూనిట్లు. ఒక్క వాడకం ఛార్జీయే 3,718 రూపాయలు. దానికి సర్దుబాట్లు, సుంకాలు, స్థిర ఛార్జీలు తోడై నాలుగువేలు దాటింది. ‘ఏసీ మీరే వేశారు’ అని మా ఆవిడ, ‘ఫ్రిజ్ తలుపు ఎవరు తెరిచి ఉంచుతున్నారో’ అని నేను. ఆ వేడిలోనే గేటు దగ్గర ఓ కుర్రాడు బండి ఆపాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రంగుల కాగితాలు. ‘అంకుల్, కరెంటు బిల్లు సున్నా చేసేద్దామా?’ అన్నాడు.

అలాంటి రోజున అలాంటి మాట అడిగితే ఎవరైనా కుర్చీ వేస్తారు. మా ఆవిడ మజ్జిగ కూడా ఇచ్చింది.

మజ్జిగ తాగి డాబా ఎక్కాడు. మిట్టమధ్యాహ్నం. పిట్టగోడ దగ్గర నిలబడి అటూ ఇటూ ఫొటోలు తీశాడు. ‘సూపర్ టెర్రస్ అంకుల్, నీడన్నదే లేదు. 3 కిలోవాట్లు వేసేద్దాం. లక్షా 95 వేలు చిల్లర అవుతుంది. అందులో 78 వేలు కేంద్రం సబ్సిడీ. పడమటి మూల ఆ మామిడిచెట్టు మాత్రం కొట్టించేయండి, ఆకులు పడతాయి’ అన్నాడు. చెట్టు మాట వినగానే మా ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని కిందికి వెళ్లిపోయింది. ఆ చెట్టు మా అమ్మ నాటింది. అత్తాకోడళ్లిద్దరూ కలిసి దానికి బిందెలతో నీళ్లు మోసిన రోజులున్నాయి.

నాకు సూర్యుడితో పాత గొడవ ఒకటుంది. 2006లో ఇదే డాబా మీద నీళ్లు కాచే సోలార్ హీటరు పెట్టించాను. మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ. నాలుగేళ్లలో గొట్టాలన్నీ సున్నం పట్టి పూడుకుపోయాయి. ఆ తొట్టిలో ఇప్పుడు మా ఆవిడ గోంగూర పెంచుతోంది. అందుకని ఈసారి కుర్రాడి కాగితం మీద లెక్క కాకుండా నా లెక్క నేనే వేసుకుందామనుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరందరి పద్దులూ చూశాను. సొంతిల్లు దగ్గరికొచ్చేసరికి బిల్లు మీద అడుగున ఉన్న అంకె తప్ప పైన ఏముందో ఏనాడూ చదవలేదు.

పన్నెండు నెలల బిల్లులు ముందేసుకున్నాను. మీరూ ఆ పని ముందు చెయ్యండి. మే నెల బిల్లు ఒక్కటి చూసి నిర్ణయం తీసుకుంటే కోపంలో తీసుకున్నట్టే. జనవరిలో మా వాడకం 200 యూనిట్లే. ఏడాది మొత్తం కూడి పన్నెండుతో భాగిస్తే నెలకి 350 తేలింది.

ఇక బిల్లులో స్లాబులు. ఇంటి పైన స్లాబు ఎంత గట్టిగా ఉందో అందరం చూసుకుంటాం గానీ బిల్లులో స్లాబుని ఎవరూ పట్టించుకోరు. అసలు కథంతా అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉన్న ఇళ్ల రేట్లు తీసుకోండి. మొదటి 30 యూనిట్లకి 1.90 రూపాయలు. 75 దాకా 3 రూపాయలు. 125 దాకా 4.50. 225 దాకా 6. 400 దాకా 8.75. ఆపైన 9.75. ఇది మెట్ల లెక్క. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లు 1.90కే వస్తాయి. పైకెక్కిన కొద్దీ పైమెట్టు యూనిట్లకే ధర పెరుగుతుంది.

మా 350 యూనిట్లకి ఈ లెక్కన 2,111 రూపాయలు. అంటే సగటున యూనిట్ 6 రూపాయలు. కుర్రాడి కాగితంలో కూడా 6 రూపాయల సగటే వేసి, సోలార్ ఇచ్చే ప్రతి యూనిట్‌నీ దాంతో గుణించాడు. పొరపాటు అక్కడుంది. సోలార్ యూనిట్ వచ్చి మీ బిల్లులో సగటున కూర్చోదు. అది పైమెట్టు నుంచి తీసేసుకుంటూ కిందికి దిగుతుంది. ముందు 8.75 యూనిట్లు పోతాయి. తర్వాత 6 రూపాయలవి. అవి అయ్యాక 4.50వి. చివరికి మీకు ఎటూ చవగ్గా దొరికే 1.90 యూనిట్లు.

మన ప్రాంతంలో 1 కిలోవాట్ ప్యానెళ్లు రోజుకి సగటున 4 యూనిట్లు, నెలకి 120 దాకా ఇస్తాయి. మొదటి కిలోవాట్ పెడితే మా వాడకం 350 నుంచి 230కి దిగుతుంది. పోయిన 120 యూనిట్లూ 8.75వే. నెలకి 1,050 రూపాయలు మిగులు. రెండో కిలోవాట్ పెడితే 230 నుంచి 110కి. ఈసారి పోయేవి చాలావరకూ 6 రూపాయలవి, కొన్ని 4.50వి. మిగిలేది 711. మూడో కిలోవాట్ కూడా పెడితే బిల్లులో యూనిట్లు సున్నా అవుతాయి గానీ ఆ మూడోది మిగిల్చేది నెలకి 350 రూపాయలే.

1,050. 711. 350. ఈ మూడు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాక నాకు కుర్రాడి ‘బిల్లు సున్నా’ మీద మోజు సగం పోయింది. మూడు కిలోవాట్లూ ఒకే సైజు, ఒకే ఎండ, దాదాపు ఒకే ధర. కానీ మూడోది మొదటిదాంట్లో మూడో వంతు సంపాదిస్తోంది. పైగా సున్నా అన్నా సున్నా రాదు. మీటరు మీద ఉండే స్థిర ఛార్జీలు సూర్యుడొచ్చినా పోవు.

సబ్సిడీ కూడా ఇదే దారిలో ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ‘పీఎం సూర్యఘర్’ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు. ఆపైన 5 పెట్టినా 10 పెట్టినా అంతే. దేశంలోనే తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే అది వర్తిస్తుంది. ఇంకో సంగతి. సబ్సిడీ ముందు రాదు. ప్యానెళ్లు బిగించి, కరెంటు వాళ్లొచ్చి మీటరు మార్చి, తనిఖీ అయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందాకా మొత్తం డబ్బు మనమే సర్దుకోవాలి, లేదా బ్యాంకు అప్పు తీసుకోవాలి. ఈ పథకం కింద 3 కిలోవాట్ల వరకూ తాకట్టు లేని అప్పులున్నాయి. పథకం మొదలైనప్పుడు వడ్డీ సుమారు 7 శాతం.

ఈ లెక్కల్లో నేనుండగా హైదరాబాద్ నుంచి మా బావగారి ఫోన్. ఆయనకి నా మెట్ల లెక్క చెబితే నవ్వారు. ‘మీవి మెట్లు. మావి గోడలు’ అన్నారు. తెలంగాణలో 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80. మొత్తం 820 రూపాయలు. 201వ యూనిట్ కాలిందా, మొదటి 200 యూనిట్లకీ రేటు 5.10 అయిపోతుంది. ఆ ఒక్క యూనిట్‌కి 7.70. వెరసి 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైచిలుకు! ‘అందుకే బావా, నేను 1 కిలోవాటే పెట్టించాను. నాకు 290 అయ్యేది, ఇప్పుడు 170 దగ్గర ఉంటోంది. గోడ ఇవతలే ఉంటున్నాను’ అన్నారు. 290కి వాడకం ఛార్జీ 1,713. 170కి 676. ఒక్క కిలోవాట్‌తో నెలకి వెయ్యికి పైగా మిగులు. అదే తెల్ల రేషన్ కార్డు ఉండి 200 లోపు వాడేవాళ్లకి అక్కడ 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద బిల్లే లేదు. వాళ్ల ఇంటి మీద ప్యానెల్ పెడితే అది ఏ బిల్లుని తగ్గించాలి?

ఈ ప్రశ్న మా పక్కింటికే వచ్చింది. రిటైరైన టీచరుగారు, ఒక్కరే ఉంటారు. ఒక ఫ్యాను, ఒక ఫ్రిజ్, ఒక టీవీ. నెలకి 90 యూనిట్లు దాటవు. మన కుర్రాడు అక్కడా మజ్జిగ తాగాడు. 3 కిలోవాట్లు పెట్టుకుంటే మిగిలిన కరెంటు కరెంటాఫీసుకే అమ్ముకోవచ్చనీ, పింఛనుకి తోడు ఇంకో పింఛను వచ్చినట్టనీ చెప్పాడట. ఆవిడ ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసే కాగితం మీద సంతకం కూడా పెట్టేసి, బ్యాంకుకి వెళ్లే ముందు ఓ మాట అడుగుదామని మా ఇంటికొచ్చారు.

ఆవిడ నాకన్నా పెద్దావిడ. మా పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. ఆవిడ ముందు లెక్క వెయ్యాలంటే కాస్త బెరుగ్గానే ఉంది.

‘టీచరుగారూ, మీ బిల్లులో 90 యూనిట్లకి పడేది 259 రూపాయల 50 పైసలు. సోలార్ పెట్టినా అంతకుమించి మిగలదు కదా. ఏడాదికి 3,114’ అన్నాను.

‘అవును మరి’ అన్నారు.

‘3 కిలోవాట్లు వద్దు, ఒకటే అనుకుందాం. సబ్సిడీ పోను 40 వేలు. అది డిపాజిట్‌లోనే ఉంటే 7 శాతం చొప్పున ఏడాదికి ఎంతొస్తుంది?’

ఆవిడకి కాగితం అక్కర్లేకపోయింది. ‘2,800. అంటే నా 40 వేలూ ఇచ్చేసి ఏడాదికి 314 రూపాయలు ఎక్కువ సంపాదిస్తానన్నమాట. డిపాజిట్ అయితే అసలు నాదగ్గరే ఉంటుంది’ అన్నారు.

‘మరి మిగులు అమ్ముకోవడం?’ అని ఆవిడే మళ్లీ అడిగారు. నెట్ మీటరు పెట్టాక పగలు మనం వాడుకోని కరెంటు బయటికి పోతుంది, రాత్రి బయట నుంచి తీసుకుంటాం, తేడాకే బిల్లు. ఇంతవరకూ మంచి ఏర్పాటే. కానీ తీసుకున్నదానికన్నా ఇచ్చింది ఎక్కువైతే, ఆ మిగులుకి ఇచ్చేది విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించే రేటు. మనం పైమెట్టు మీద కొనే ధరకి అది దరిదాపుల్లో ఉండదు. ఇంటి మీద ప్యానెళ్లు మన వాడకం తగ్గించుకోవడానికి గానీ కరెంటు వ్యాపారానికి కాదు. టీచరుగారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో దాచుకున్నారు. చింపలేదు. ‘సంతకం పెట్టానని గుర్తుండాలి’ అన్నారు.

నా ఇంటి లెక్కలోనూ ఆ వడ్డీ మాట కలపాలని అప్పుడే తట్టింది. ప్యానెళ్లమ్మేవాళ్లందరూ ‘నాలుగేళ్లలో మీ డబ్బు మీకొచ్చేస్తుంది’ అంటారు. ఆ డబ్బు ఈలోగా బ్యాంకులో ఉంటే పిల్లలు పెట్టేదన్న సంగతి ఎవరూ చెప్పరు. పాతికేళ్లకి డిపాజిట్ అసలు చేతికొస్తుంది. ప్యానెల్ పాత సామాన్లవాడి బండెక్కుతుంది. తయారీదార్లు సాధారణంగా పాతికేళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం ఉంటుందని హామీ ఇస్తారు. ప్యానెల్ నిజంగానే మొండి ఘటం. దాని పక్కన గోడకి తగిలించే ఇన్వర్టరు మాత్రం అంత ఆయుష్షున్నది కాదు. పదేళ్లకి అటూ ఇటూగా ఒకసారి మార్చాల్సి వస్తుందని ముందే పక్కన రాసుకోవాలి.

ఇన్వర్టరంటే గుర్తొచ్చింది. చాలామంది సోలార్ పెట్టుకుంటే ఇక కరెంటు కోత బాధ ఉండదనుకుంటారు. బ్యాటరీ లేని మామూలు ఏర్పాటులో వీధిలో కరెంటు పోతే డాబా మీద భగభగ ఎండ ఉన్నా మీ సోలార్ కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభమెక్కి తీగ పట్టుకున్న లైన్‌మన్‌కి మీ ఇంటి నుంచి వెళ్లే కరెంటు తగలకుండా చేసిన జాగ్రత్త. కోతల భయంతో సోలార్ కావాలనుకునేవాళ్లు బ్యాటరీ ఖర్చు వేరే లెక్క వేసుకోవాలి.

సరే, లెక్క సగంలో ఉండగా బెంగళూరు నుంచి మా అబ్బాయి ఇంకో పుల్ల వేశాడు. ‘నాన్నా, ముందు ఫ్యాన్లు మార్చండి’ అన్నాడు. మా ఇంట్లో నాలుగు పాత ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు తినేవి. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్లతో అంతే గాలినిస్తున్నాయి. రోజుకి పన్నెండు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద నెలకి 16 యూనిట్లు ఆదా. నాలుగింటి మీద 65. మా ఇంట్లో అవన్నీ 8.75 యూనిట్లే కాబట్టి నెలకి 568 రూపాయలు. ఫ్యాను 3 వేల చొప్పున నాలుగింటికి 12 వేలు. రెండేళ్ల లోపే చేతికొచ్చేస్తుంది. దీనికి సబ్సిడీ అక్కర్లేదు, డాబా అక్కర్లేదు, చెట్టు కొట్టక్కర్లేదు. ఇంత చవకైన పని వదిలేసి నేను లక్షల లెక్కలు వేస్తున్నానని వాడి ఎత్తిపొడుపు. మారుమాట్లాడకుండా జూన్‌లో ఫ్యాన్లు మార్చాను. రిమోట్ ఇచ్చారు గానీ అది ఎప్పుడూ దిండు కిందే దొరుకుతుంది.

కానీ చూడండి, ఫ్యాన్లు మార్చగానే సోలార్ లెక్క కూడా మారిపోయింది. 350 కాస్తా 285 అయింది. ఇప్పుడు 2 కిలోవాట్లు పెడితే మిగిలేది 1,761 కాదు, 1,440. ఖరీదైన యూనిట్లు కొన్ని ఫ్యాన్లే మింగేశాయిగా. ఇక 3 కిలోవాట్ల మాట ఎత్తనే అక్కర్లేదు. మాకు కావలసినదానికన్నా 75 యూనిట్లు ఎక్కువ.

ఇంత జరిగాక కూడా నిర్ణయం ఆగింది నీడ దగ్గర. కుర్రాడొచ్చింది మే మొదటి వారంలో, మధ్యాహ్నం. మా తెనాలిలో ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తినుంటాడు. కొబ్బరిచెట్టు నీడైనా దాని మొదట్లోనే పడుతుంది. అప్పుడు ఏ డాబా చూసినా ‘నీడన్నదే లేదు’. అదే డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒరిగి, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. నీడలు ఉత్తరానికి సాగుతాయి. మీ ఇంటికి దక్షిణంగా పక్కవాళ్ల రెండో అంతస్తు ఉంటే మేలో కనబడని నీడ సంక్రాంతికి మీ డాబా మీద చాప పరుచుకుని కూర్చుంటుంది.

అందుకే డిసెంబరు దాకా ఆగాను. ‘సబ్సిడీ అయిపోతుంది అంకుల్’ అని కుర్రాడు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. డిసెంబరు 21న, ఆదివారం, మా మనవడికి సుద్దముక్క ఇచ్చి డాబా ఎక్కించాను. తొమ్మిదింటికి, పన్నెండింటికి, రెండున్నరకి, నాలుగింటికి ఎక్కడ నీడుంటే అక్కడ గీత గీయమన్నాను. వాడు గీతలతో పాటు ఒక క్రికెట్ పిచ్చి కూడా గీశాడు. పొద్దున్న మెట్లగది నీడ ఓ మూల పడి పది దాటేసరికి పోయింది. నీళ్ల ట్యాంకు నీడ దానిపాటికది తిరిగింది. మామిడిచెట్టు నీడ మాత్రం రెండున్నర నుంచి పడమటి సగాన్ని మెల్లగా కమ్మేసింది. తూర్పు సగంలో నాలుగింటి దాకా నీడ లేదు.

ప్యానెళ్లన్నీ గొలుసులా కలిపి ఉంటాయి. ఒకదాని మీద నీడ పడితే నష్టం ఆ ఒక్కదానితో ఆగకపోవచ్చు. కొత్తరకం వాటిలో ఆ నష్టాన్ని కొంత ఆపే ఏర్పాటుంది గానీ, తెలిసి తెలిసి నీడలో పెట్టడం ఎందుకు? ఒక్కో కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మాకు తూర్పు సగంలో ఎండ చోటు కొలిస్తే 220 వచ్చింది. 2 కిలోవాట్లకి, నాలుగు ప్యానెళ్లకి సరిపోతుంది. మూడోది కావాలంటే పడమటి సగంలోకి, చెట్టు నీడలోకి పోవాలి. బిల్లులో స్లాబు చెప్పినదీ రెండే, ఇంటి పైన స్లాబు చెప్పినదీ రెండే. ఇంత ఖచ్చితంగా కలవడం మా ఇంటి అదృష్టమే. అందరి డాబాలూ అలా మాట వినవు.

చెట్టు మీద ఇక చర్చ లేదు. నిజానికి కుర్రాడు కొట్టించమన్న ఆ చెట్టు వేసవి సాయంత్రాల్లో మా పడమటి గది గోడ మీద ఎండ పడనీయదు. ఆ గదిలోనే ఏసీ ఉంది. చెట్టు కొట్టేస్తే ఆ గోడ వేడెక్కి ఏసీ ఇంకెన్ని యూనిట్లు తాగేదో ఎవరి కాగితంలోనూ లేదు.

వేడంటే ఇంకొకటి. ఎండ మండితే కరెంటు ఎక్కువొస్తుందని నేనూ అనుకునేవాణ్ణి. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. వేడెక్కిన కొద్దీ దాని పనితనం తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ మూడోవంతు శాతం దాకా పోతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్లు 60 డిగ్రీలు దాటుతుంది కాబట్టి రోహిణికార్తెలో అద్భుతాలు ఆశించకూడదు. కింద గాలి ఆడేలా స్లాబుకి కాస్త ఎత్తులో బిగించాలి. దుమ్ము పడితే తెల్లవారుజామునో పొద్దుగుంకాకో మామూలు నీళ్లతో కడగాలి. మిట్టమధ్యాహ్నం చన్నీళ్లు కొట్టకూడదు. మా బోరు ఉప్పునీళ్లు దానికి పనికిరావని హీటరు నేర్పిన పాఠం. మున్సిపల్ నీళ్లే వాడాలి. తుపాను గాలుల సంగతీ మరిచిపోకూడదు. 2014లో హుద్‌హుద్ చూసిన విశాఖ చుట్టం ఒకాయన, ‘ప్యానెల్ కంపెనీ ఏదని కాదు, కింద ఇనుప చట్రం ఎలా బిగిస్తున్నారో చూడు’ అన్నాడు. స్లాబుకి బెజ్జాలు వేస్తే వానాకాలంలో కారకుండా ఏం చేస్తారో కాగితం మీద రాయించుకున్నాను.

ఆగినందుకు ఒక లాభం కూడా వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామగ్రి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. మేలో 2 కిలోవాట్లకి లక్షా 46 వేలన్నది డిసెంబరులో లక్షా 40కి దిగింది. సబ్సిడీ 60 వేలు పోను నా చేతి నుంచి పోయేది 80 వేలు. ఏడాదికి మిగిలేది 17,280. ఆ 80 వేల మీద రాకుండా పోయే వడ్డీ 5,600 తీసేస్తే 11,680. అంటే నా డబ్బు నాకు రావడానికి సుమారు ఏడేళ్లు. నాలుగేళ్లని కుర్రాడన్నాడు. నాకిప్పుడు 63.

ఏడు కలిపితే 70. ఈ కూడిక నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి ‘ఏంటండీ అంత దీర్ఘాలోచన’ అంది. చెప్పాను. ‘మీ అమ్మగారు ఆ చెట్టు నాటినప్పుడు ఆవిడకి 64’ అని వంటింట్లోకి వెళ్లిపోయింది. పప్పు మాడుతోందట.

రాత్రి అబ్బాయితో మాట్లాడాను. ఎప్పటికైనా పైన ఓ గది వేసుకోవాలని వాడికి ఉంది. వేసుకుంటే ఈ ప్యానెళ్లు ఊడదీసి పైస్లాబుకి ఎక్కించాలి. దానికెంతవుతుందో అడిగి అది కూడా రాయించుకున్నాం. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత పెట్టినవాళ్లదే అని పథకంలో ఉంది గనక, ఊడదీసి మళ్లీ పెడితే ఆ బాధ్యత ఉంటుందా పోతుందా అన్నది కూడా. ‘పైన గది నేను ఎప్పుడు వేస్తానో నాకే తెలీదు నాన్నా, మీరు పెట్టించెయ్యండి’ అన్నాడు వాడు.

టీచరుగారు మొన్న పాత ఫ్యాను తీయించి కొత్తది వేయించుకున్నారు. డిపాజిట్ కదల్లేదు. మా ఆవిడ సుద్దగీతలు చూసి, పడమటి సగం వడియాలకీ అప్పడాలకీ తనదేనని, ఇకమీదట అటువైపు ఒక్క మేకు కూడా దిగకూడదని మాట తీసుకుంది. నీడొచ్చేది రెండున్నరకి కాబట్టి వడియాలకి పొద్దున్నుంచీ ఎండ చాలునట.

ఇప్పుడు మిగిలింది ఒకటే. రేపు ఆ కుర్రాడికి ఫోన్ చెయ్యాలి. మూడు కాదు, రెండని చెప్పాలి. మజ్జిగకి మళ్లీ రావచ్చు గానీ చెట్టు మాట మాత్రం మా ఆవిడ దగ్గర ఎత్తొద్దనీ చెప్పాలి.